ముప్పై శాతం మాహాత్మ్యం

హైదరాబాద్‌లో నిక్షేపంగా ఉన్న ఒక తెలుగు సంసారానికి బెంగళూరు నుంచి ముప్పై శాతం పెంపుతో ఆఫర్ లెటర్ వస్తే ఇంట్లో ఏం జరగాలో శాస్త్రం స్పష్టంగా చెబుతోంది. మొట్టమొదట, లెటరు చదవకూడదు. చదివితే అనుమానాలొస్తాయి. ముప్పై అన్న అంకె ఒక్కటీ చాలు. దాన్ని కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టి, అందరి దీవెనలూ పడ్డాక, వచ్చే ఆదివారానికి సభ పిలవాలి.

సభ్యులు: లాల్‌బాగ్‌ను ఎప్పుడో ఎల్‌టీసీ మీద చూసొచ్చిన పెదనాన్నగారు, అమెరికాలో తెల్లవారుజామునే లేచి వీడియోలోకి వచ్చే బావగారు, మారతహళ్లి పీజీలో మూడేళ్లుండి తిరిగొచ్చిన పిన్నిగారి అబ్బాయి. ఈ ముగ్గురిలో విషయం తెలిసినవాడు మూడోవాడే కాబట్టి, చిన్నవాడన్న కారణంతో అతన్ని టీలు అందించే పనికి పెట్టాలి. ఇంటి ఇల్లాలి ఉద్యోగం సంగతి ఎజెండాలో ఉండదు. ‘ఇతర అంశాలు’ కింద, అదీ సమయం మిగిలితే.

మొదటి అంశం వాతావరణం. ఇది న్యాయమే. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది, హైదరాబాద్ 540 దగ్గర. ఆ తేడా మే నెలలో ఒంటికి తెలుస్తుంది, కరెంటు బిల్లులోనూ తెలుస్తుంది. 2016 ఏప్రిల్‌లో బెంగళూరులో 39.2 డిగ్రీలు నమోదైన మాట సభలో ఎత్తినవాణ్ణి మాత్రం అపశకునపు పక్షి కింద లెక్కగట్టాలి. రెండో అంశం బిర్యానీనా, బెణ్ణె (వెన్న) దోసెనా. దీనికి గంటన్నర కేటాయించాలి. ఆపై సాంబారులో బెల్లం. దానిమీద ఏకాభిప్రాయం ఉంది కాబట్టి తీర్మానం చేసి వదిలేయవచ్చు.

ఇక్కడితో సభ ముగిసి శుభం పలకాలి. కానీ ప్రతి ఇంట్లో ఒక లెక్కల పిచ్చి ఉన్న మనిషి ఉంటాడు. అతను లెటరు రెండో పేజీ తిప్పుతాడు. ఆదిలోనే హంసపాదు.

ఆ పాపపు లెక్క ఇలా ఉంటుంది. పాత సీటీసీ, అంటే కంపెనీ మన మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, 18 లక్షలు అనుకుందాం, కొత్తది 23 లక్షల 40 వేలు. తేడా 5 లక్షల 40 వేలు, పెదనాన్నగారి భాషలో నెలకు 45 వేలు. కానీ రెండో పేజీలో, కొత్త మొత్తంలో పది శాతం, అంటే 2 లక్షల 34 వేలు ‘వేరియబుల్’ అని ఉంది. అంటే కంపెనీ బాగుండి, టీము బాగుండి, మేనేజరు మనసు బాగుంటే వచ్చేది. పాత ఉద్యోగంలో ఆ బెడద లేదనుకుంటే, ముందు దాన్ని పక్కన పెట్టాలి. బేసిక్ సీటీసీలో సగం అనుకుంటే కంపెనీ వాటా పీఎఫ్ బేసిక్‌లో 12 శాతం, గ్రాట్యుటీ 4.81 శాతం, రెండూ సీటీసీలోనివే. మన వాటా పీఎఫ్ వేరే. 2025-26 కొత్త పన్ను విధానంలో, 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోను, పాత జీతం మీద పన్ను సుమారు లక్షా 21 వేలు, కొత్తదాని మీద లక్షా 74 వేలు. వృత్తి పన్ను రెండు చోట్లా నెలకు 200 (కర్ణాటకలో ఫిబ్రవరికి మాత్రం 300) కాబట్టి అందులో లాభనష్టాలు లేనట్టే. అన్నీ పోగా చేతికొచ్చే డబ్బు నెలకు పెరిగేది 14,600.

మియాపూర్‌లో 24 వేలకున్న రెండు పడకగదుల ఫ్లాటు లాంటిదే వైట్‌ఫీల్డ్ వైపు 38 వేలకు దొరికిందనుకోండి. మిగిలింది 600. హైదరాబాద్‌లో ఇచ్చిన అడ్వాన్సు రెండు నెలలది, 48 వేలు. బెంగళూరులో ఒకప్పుడు పది నెలల అద్దె అడిగేవారు. ఇప్పుడు దయ పెరిగి చాలాచోట్ల ఐదారు నెలలకు దిగారు. ఆరు నెలలంటే 2 లక్షల 28 వేలు. అదనంగా ఇరుక్కున్న లక్షా 80 వేలు బ్యాంకులో ఏడు శాతానికి వేస్తే నెలకు 1,050 వచ్చేది. చివరికి తేలేదేమిటంటే, ముప్పై శాతం పెంపు మీద నెలకు 450 రూపాయల నష్టం. పీఎఫ్ ఖాతాలో రెండు వాటాలూ కలిపి నెలకు 5,400 ఎక్కువ పడుతుందన్నది నిజం. దానితో పాలవాడి బిల్లు కట్టలేమన్నదీ నిజమే.

ఇలాంటి లెక్కలు కుటుంబ ఐకమత్యానికి మంచివి కావు. అందుకే జాయినింగ్ బోనస్ అనే మత్తుమందు కనిపెట్టారు. ఏడాది లోపు మానేస్తే అది తిరిగి కట్టాలని కింద సన్నక్షరాల్లో ఉంటుంది. కొన్ని కంపెనీలు పన్ను కోత పోగా మన చేతికొచ్చింది కాకుండా, కోతకు ముందున్న పూర్తి మొత్తం అడుగుతాయి. సామాన్ల తరలింపు ఖర్చు ఇస్తామన్న మాట కూడా ఎంత వరకు, ఏ బిల్లులకు, ఎన్ని రోజుల్లో అని కాగితం మీద లేకపోతే అది హెచ్ఆర్ అమ్మాయి మంచితనం మాత్రమే. ‘వారానికి మూడు రోజులే ఆఫీసు’ అన్న మాటా అంతే. లెటర్లో లేని మాట ఆమె ఉద్యోగం మారినప్పుడు ఆమెతోపాటే వెళ్లిపోతుంది.

సభ చేసే అసలైన ఘనకార్యం వేరే ఉంది. అది రెండు మహానగరాల్ని త్రాసులో పెడుతుంది. చార్మినారు ఒకవైపు, కబ్బన్ పార్కు ఒకవైపు. నగరంలో ఎవరూ కాపురం చెయ్యరు. ఇల్లు, ఆఫీసు, పిల్లల బడి, ఈ మూడు చుక్కల మధ్య తిరుగుతారు. మియాపూర్‌లో ఉండి రాయదుర్గం వెళ్లేవాడు అమీర్‌పేటలో మారి మెట్రోలో చేరుకుంటాడు. అదే మనిషి బెంగళూరులో వైట్‌ఫీల్డ్‌లో దిగి ఇందిరానగర్‌లో పనిచేస్తే 2023 అక్టోబరులో పూర్తయిన పర్పుల్ లైన్ ఉంది, రాజాలా వెళ్తాడు. ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీలో అయితే, 2025 ఆగస్టులో వచ్చిన ఎల్లో లైన్ పక్కన ఇల్లు చూసుకోవాలి గానీ వైట్‌ఫీల్డ్ వైపు కన్నెత్తి చూడకూడదు. నగరం ఒకటే, అద్దె ఒకటే. ఒకడు సాయంత్రం పిల్లలకు లెక్కలు చెబుతాడు, ఇంకొకడు సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో పాడ్‌కాస్టు వింటుంటాడు. ‘వచ్చే ఏడాది ఇక్కడికి మెట్రో’ అని బ్రోకరు చెబితే చాలా సంతోషమని చెప్పి, దాని తాలూకు అద్దె కూడా వచ్చే ఏడాదే ఇస్తామనాలి.

ఇల్లు చూడటానికి ఆదివారం పొద్దున పదింటికి వెళ్లాలని సంప్రదాయం. రోడ్లు ఖాళీగా ఉంటాయి, ఇరవై నిమిషాల్లో చేరతారు, బ్రోకరు నవ్వుతాడు, మనసు పొంగుతుంది. బుధవారం సాయంత్రం ఆరింటికి ఆఫీసు గేటు ముందు ఆటో ఎక్కి ఆ ఇంటికి వెళ్లి చూసేవాళ్లకు ఈ ఆనందం ఉండదు. వాన పడిన బుధవారమైతే సంతకమే ఉండదు.

నీళ్ల విషయం ఓనరును అడగాలి, అదే మర్యాద. ‘ట్వంటీ ఫోర్ అవర్స్ వాటర్’ అంటాడు, అందులో అబద్ధం లేదు. ఆ నీళ్లు కావేరివా, బోరువా, ట్యాంకరువా అన్నది వేరే ప్రశ్న. 2024 మార్చిలో బోర్లెండిపోయినప్పుడు జిల్లా యంత్రాంగం ట్యాంకర్లకు రేటు కట్టాల్సి వచ్చింది: 12 వేల లీటర్లకు ఐదు కిలోమీటర్ల లోపైతే వెయ్యి, పది లోపైతే 1,200. అదే ఏడాది అక్టోబరులో కావేరి ఐదో దశ మొదలై రోజుకు 77.5 కోట్ల లీటర్లు అదనంగా వస్తున్నా, శివారు అపార్ట్‌మెంటు లోపలి గొట్టం దాకా వచ్చిందా లేదా అన్నది ఆ అపార్ట్‌మెంటుకే తెలుసు. (హైదరాబాద్ పడమటి శివార్లు కూడా ఈ విషయంలో కాలరెగరేసే స్థితిలో లేవు.) అడగాల్సింది వాచ్‌మన్‌ను. అతనిది మదనపల్లి వైపు కావడానికి మంచి అవకాశమే ఉంది, తెలుగులోనే కానివ్వవచ్చు. రోజుకు ఎన్ని ట్యాంకర్లు లోపలికొస్తాయి, ఆ డబ్బు మెయింటెనెన్స్‌లో కలిసిందా, విడిగా పంచుతారా? ఆ తరువాత బాత్రూంలో షవర్ తిప్పి చూడాలి. కన్నాల చుట్టూ తెల్లటి పొర గట్టిపడి సగం ధారలు పక్కకు చిమ్ముతుంటే అది ఉప్పు నీరు. గీజరు కాయిలు, వాషింగ్ మెషీను ఆయువు ఆ షవర్ మీదే రాసుంటుంది.

పిల్లల సంగతి పెద్దగా చెప్పేది లేదు, ఎందుకంటే సభలో వాళ్లను అడగరు. తెలంగాణ 2018లో తెలుగును, కర్ణాటక 2015లో కన్నడాన్ని బడుల్లో తప్పనిసరి చేస్తూ చట్టాలు చేసుకున్నాయి. అక్షరాలు అక్కచెల్లెళ్లు కాబట్టి రెండో తరగతి పిల్ల సంక్రాంతికల్లా బోర్డులు చదివేస్తుంది. ఎనిమిదో తరగతి కుర్రాడికి అంత తేలిక కాదు. ఇంటికి అడ్వాన్సు ఇచ్చాక బడి వెతకడం ఆచారం. బడిలో సీటు ఖాయమయ్యాక దాని బస్సు ఏ వీధుల్లో తిరుగుతుందో చూసి ఇల్లు వెతకడం అనాచారం.

కారుకు కూడా వీడ్కోలు సభ ఉంది. పన్నెండు నెలలు దాటి వేరే రాష్ట్రంలో ఉంచితే మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం అక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. దానికి ముందు ఇక్కడి ఆర్టీఏ నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దిన అచ్చు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, అప్పుంటే బ్యాంకు అంగీకార పత్రం జతచేయాలి. అక్కడ కారు వయసు బట్టి జీవితకాలపు పన్ను ముందు కట్టి, కొత్త ఆర్సీ చేతికొచ్చాక, ఇక్కడ కట్టినదాంట్లో మిగిలిన కాలానికి వాపసు అడగాలి. కట్టడం ఒక్క రోజు పని, రాబట్టడం ఒక వ్రతం. నాలుగు రాష్ట్రాల్లో ఆఫీసులున్న కంపెనీలో పనిచేసేవాళ్లకు 2021 నుంచి, ఏ రాష్ట్రానికి మారినా చెల్లే బీహెచ్ నంబరు ఉంది, రెండేళ్లకోసారి పన్ను కడితే చాలు. ఈ సంగతి అందరికీ కారు కొన్న మరునాడు తెలుస్తుంది.

ప్యాకర్స్ అండ్ మూవర్స్‌ను ఎన్నుకోవడంలో సభ నియమం ఒకటే: అందరికన్నా తక్కువ చెప్పినవాడు. పేరున్న సంస్థ పేరుకు ఒక అక్షరం అటూ ఇటూగా పెట్టుకున్నవాడైతే మరీ మంచిది. ఫోన్లో చెప్పిన రేటుకు సామాన్లు ఎక్కుతాయి. దిగే రేటు బెంగళూరు చేరాక తెలుస్తుంది: మూడో అంతస్తు, లేబర్, ‘ఎంట్రీ’, ఇంకేవో. సామాన్లు వాళ్ల బండిలో ఉంటాయి కాబట్టి చర్చ సామరస్యంగానే ముగుస్తుంది. పొరపాటున జాగ్రత్తపరులు ఎవరైనా ఉంటే, ఇంటికొచ్చి చూసి రాసిన కొటేషను, ప్రతి వస్తువూ నంబరు వేసిన జాబితా, బండి నంబరుతో లారీ రసీదు తీసుకుంటారు. బండి మన ఒక్కరిదా, దారిలో ఇంకో రెండిళ్ల సామాను ఎక్కించేదా అని కూడా అడుగుతారు. రెండోదైతే 570 కిలోమీటర్లకు వారం పట్టినా ఆశ్చర్యం లేదు. రసీదు మీద ‘ఓనర్స్ రిస్క్’, అంటే పగిలితే నష్టం మనదే అన్న ముద్ర ఉంటే, మూడు శాతం అని వసూలు చేసిన ఇన్సూరెన్సుకు పాలసీ కాగితం చూపించమంటారు. చాలాసార్లు అక్కడే సంభాషణ ఆగిపోతుంది.

ఫ్రిజ్‌ను ముందురోజే ఆపి, మంచు కరిగించి, తుడవాలి. దిగాక నిలబెట్టి నాలుగైదు గంటలు ఆగి ప్లగ్గు పెట్టాలి, లేకపోతే కంప్రెసర్ నూనె గొట్టాల్లోనే ఉండి ప్రాణం తీస్తుంది. ముందు తలుపున్న వాషింగ్ మెషీనుకు డ్రమ్ము కదలకుండా వెనక బిగించే ట్రాన్సిట్ బోల్టులుంటాయి. కొన్నప్పుడు మెకానిక్ తీసి చేతిలో పెడితే అటక మీద పడేశాం చూడండి, అవి. ఇప్పుడు దొరకవు. ఆవకాయ జాడీని ఏ మూవరూ ముట్టుకోడు. మూతి మీద గుడ్డ కట్టి, రెండు కవర్లు తొడిగి, అత్తగారి కాళ్ల మధ్య కారులో పెట్టడం తప్ప నేటికీ సాంకేతిక పరిష్కారం లేదు.

ముహూర్తం తెల్లవారుజామున 4 గంటల 32 నిమిషాలకు ఉంటుంది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నియమం ప్రకారం సామాన్లు పది నుంచి ఐదు మధ్య సర్వీసు లిఫ్టులోనే ఎక్కాలి, ఆదివారం అసలు కుదరదు, మూవ్-ఇన్ ఫీజు వేరే. పంచాంగానికీ బైలాస్‌కీ మధ్య మన జాతి కనుక్కున్న రాజీ నిజంగా మెచ్చుకోదగ్గది. దేవుడి పటం, పసుపు కుంకుమ, కిలో బియ్యం, పాలు, ఒక ఇండక్షన్ పొయ్యి ఆటోలో వెళ్తాయి. పాలు పొంగుతాయి, గృహప్రవేశం అయిపోతుంది. లారీ ఎప్పుడొచ్చినా దోషం లేదు.

అగ్రిమెంటు పదకొండు నెలలది. నోటీసు రెండు నెలలు, ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఒక నెల అద్దె కోత. పాలు పొంగిన పొద్దునే గోడలన్నిటికీ తేదీ కనబడేలా ఫోటోలు తీసి ఓనరుకు పంపితే ఆ కోత మీద కనీసం వాదించడానికి ఒక ఆధారం ఉంటుంది. సభ వారు మాత్రం ఆ పొద్దున ఫోటోలన్నీ పాల గిన్నెకే తీస్తారు.