బాల్‌పార్క్ తెలియకపోతే పని రానట్టేనా?

హైదరాబాద్ ఆఫీసుల్లో మీటింగులంటేనే విసుగొస్తోంది. ఖర్చెంతవుతుందో ఉజ్జాయింపుగా చెప్పమంటే సరిపోయేదానికి ‘బాల్‌పార్క్ ఫిగర్ ఇవ్వు’ అంటారు. క్లయింట్ కొత్త మెలిక పెడితే ‘కర్వ్‌బాల్ వేశాడు’. బాధ్యత తీసుకోమనడానికి ‘స్టెప్ అప్ టు ద ప్లేట్’. ఇవన్నీ అమెరికావాళ్ల బేస్‌బాల్ మాటలు. బాల్‌పార్క్ అంటే ఆ ఆట ఆడే స్టేడియం. వాళ్ల ఆటలోంచి వాళ్లు తెచ్చుకున్నారు, తప్పేం లేదు. గల్లీ గల్లీలో క్రికెట్ ఆడే మనకెందుకివి, అదీ గది నిండా తెలుగువాళ్లే ఉన్నప్పుడు?

మొన్న మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయిని ఇలాగే బాల్‌పార్క్ ఫిగర్ అడిగారు. తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్ల. లెక్కంతా తనే వేసింది, ఎదురుగా ఎక్సెల్ షీట్‌లో ఉంది కూడా. అయినా అడిగిందేమిటో అర్థంకాక బిక్కమొహం వేసింది. బయటికొచ్చాక ‘కమ్యూనికేషన్ వీక్’ అని ముద్ర వేసేశారు. నాకు ఒళ్లు మండిపోయింది.

అసలు ఇంగ్లిష్ సొంత భాష అయినవాళ్లకే ఇందులో పొత్తు కుదరదు. ఒక విషయాన్ని ‘టేబుల్’ చేయడమంటే బ్రిటన్‌లో చర్చకు పెట్టడం, అమెరికాలో పక్కన పెట్టడం. వాళ్లకే తికమకైతే, మొదటి ఉద్యోగంలో చేరిన పిల్లను తప్పుపడతారా? ‘సుమారుగా ఎంత’ అని అడగండి. ‘రఫ్‌గా ఎంత’ అన్నా చాలు, ఠక్కున చెప్పేది. ఇంకోసారి తనను అలా నిలబెడితే మాత్రం మీటింగ్ మధ్యలోనే అడిగేస్తాను.