మూడు నిమిషాల కోత ఎవరి ఖాతాలో?

కరెంటు పోయిన ప్రతిసారీ చర్చ విద్యుదుత్పత్తి వైపే మళ్లుతుంది. వీధిలో సరఫరా ఆగడానికి చాలాసార్లు కారణం తీగలకు తగిలిన కొమ్మ, కాలిన ట్రాన్స్‌ఫార్మర్, ట్రిప్పయిన ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి ఒక ప్రాంతానికి కరెంటు తెచ్చే లైను) అని తెలిసిందే. నా అభ్యంతరం కోత కంటే దాన్ని కొలిచే తీరు మీదే ఎక్కువ.

అనేక దేశాల్లో పంపిణీ సంస్థలు అనుసరించే, ఐఈఈఈ అనే అంతర్జాతీయ ఇంజనీర్ల సంఘం రూపొందించిన 1366 ప్రమాణం ప్రకారం, 5 నిమిషాలు దాటని అంతరాయం క్షణికమైనది. ఏడాదిలో ఒక్కో వినియోగదారుడికి సగటున ఎంతసేపు సరఫరా ఆగిందో చెప్పే ‘సైడీ’ సూచికలో అది చేరదు. అలాంటి క్షణిక అంతరాయాలు సగటున ఎన్నిసార్లు వచ్చాయో చెప్పే ‘మైఫీ’ అనే మరో సూచిక ఉన్నా, ఎక్కువగా ప్రచారంలోకి వచ్చేది సైడీయే.

దుకాణంలో గల్లా దగ్గర ఆ మూడు నిమిషాలు ఎలా ఉంటాయో చూడండి. సగం కొట్టిన బిల్లు పోతుంది. కరెంటు వచ్చాక కంప్యూటర్ మళ్లీ తెరుచుకోవాలి, రౌటర్‌కు నెట్ అందాలి. ఈలోగా తన ఖాతాలోంచి డబ్బు పోయిందో లేదో కొనేవారికీ, అది తనకు చేరిందో లేదో అమ్మేవారికీ తెలియదు. వెనకున్నవారిలో ఒకరిద్దరు సరుకు అక్కడే పెట్టేసి వెళ్లిపోతారు. ఆ పోయిన బేరం ఏ సూచికలోనూ కనబడదు. కోత సాగితే ఇంకో చిక్కు: తలుపు తీయకపోతే ఫ్రిజ్‌లో సరుకు సుమారు 4 గంటలు చెడదంటారు కానీ, తలుపు తీయకుండా వ్యాపారం చేసేదెలా?

తీగ మీద లోపం తొలగగానే రీక్లోజర్ అనే ఆటోమేటిక్ స్విచ్ సరఫరాను దానంతటదే పునరుద్ధరిస్తుందనీ, అది లేకుంటే అదే కోత గంటలకు పెరిగేదనీ ఇంజనీర్లు అంటారు. నిజమే. అయితే పెద్ద నష్టం తప్పించినంత మాత్రాన చిన్న నష్టం లేనట్టు కాదు.

ఇలా లెక్కకు రాని నష్టమంతా చివరికి సొంత ఖర్చుగా మారుతోంది. స్తోమత ఉన్నవారు ఇన్వర్టరో జనరేటరో కొనుక్కుంటారు, ఆ తర్వాత ఫిర్యాదు చేయడం మానేస్తారు. గట్టిగా అడగగలిగినవారు తప్పుకున్నాక మిగిలేది మిషన్ ఆగి కూర్చున్న చిన్న టైలరూ, ఇంట్లో ఆక్సిజన్ కాన్సెంట్రేటర్ మీద ఆధారపడిన రోగీ. ప్రజలందరికీ సమానంగా అందాల్సిన సేవ కొనుక్కోగలిగినవారికే నమ్మకంగా అందే సరుకవడం నన్ను అన్నిటికంటే కలవరపెడుతోంది.

స్మార్ట్ మీటర్లు సరఫరా ఆగిన సమయాన్నీ, తిరిగి వచ్చిన సమయాన్నీ నమోదు చేయగలవు. ఆ వివరాలను ఫీడర్ల వారీగా బయటపెట్టాలనీ, సైడీ పక్కనే మైఫీనీ ప్రకటించాలనీ నియంత్రణ సంస్థలు పంపిణీ సంస్థలను ఆదేశించాలి.