పాట నాది, పర్సు వాళ్లది

ఒక పాత హెచ్ఎంటీ జనతా వాచీ కోసం విశాఖ మద్దిలపాలెంలో మా ఇంట్లో మంచం మీద పడుకుని ఆన్‌లైన్‌లో వేలంపాట పాడాను. రాత్రి పదకొండు దాటాక కూడా ఎవరో మహానుభావుడు పాతికేసి రూపాయలు పెంచుకుంటూ పోతుంటే నేనూ పంతానికి పోయి చివరికి 1,850 దగ్గర గెలిచాను. అమ్మేదెవరా అని చూస్తే కంచరపాలెం కుర్రాడు. ఉన్న ఊళ్లోనే, షేర్ ఆటో దూరంలో! పొద్దున్నే వెళ్లి, కీ తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని టిక్ టిక్ విని, డబ్బులు చేతిలో పెట్టి వచ్చేద్దామనుకున్నాను. నేను చేసిన నేరం అదే.

మర్నాడు ‘క్యాష్ ఇచ్చేస్తాను’ అని ఇంగ్లీషులో మెసేజ్ కొట్టానో లేదో, తెర మీదకి ఎర్రటి పెట్టె ఒకటి దూకింది. మీ భద్రత దృష్ట్యా మా వాలెట్ బయట చెల్లింపుల గురించి మాట్లాడరాదు, ఇది మొదటి హెచ్చరిక. చూశారా, చెల్లించరాదు అని కూడా కాదు, అసలు మాట్లాడరాదట. మా ఇంట్లోనూ డబ్బు మాట ఎత్తొద్దంటారు గానీ అది నెలాఖరులో మాత్రమే. సరే పోనీ, ఫోన్లో మాట్లాడుకుందామని నా నంబరు పంపాను. పది అంకెలున్న చోట పది చుక్కలు వెళ్లాయి. పట్టపగలు చుక్కలు చూపించడమంటే ఏదో మాటవరసకి అంటారనుకునేవాణ్ణి.

కుర్రాడు గట్టివాడు. ‘గురూగారూ, నంబరు తెలుగులో అక్షరాలు పెట్టి రాయండి, దానికి తెలుగు రాదు’ అని పంపాడు. తొమ్మిది, నాలుగు, సున్నా, సున్నా అంటూ రాశాను. చక్కగా వెళ్లిపోయింది. 2008లో తెలుగుకి ప్రాచీన భాష హోదా ఇచ్చినప్పుడు మనకేం ఒరిగిందిలే అనుకున్నాను. ఇదిగో, ఒరిగింది.

ఇప్పుడు ఆర్కే బీచ్‌లో ముంత మసాలా బండి మీద కూడా క్యూఆర్ కోడ్ ఉంది. యాభై రూపాయలు కొడితే పక్కనున్న డబ్బా ఊరంతా వినేట్టు అరిచి చెబుతుంది. యూపీఐ వచ్చింది 2016లో. 2020 నుంచి దాని మీద దుకాణదారు దగ్గర చార్జీ కూడా లేదు. జేబులో నోట్లున్నాయి, ఫోన్లో యూపీఐ ఉంది, ఎదురుగా మనిషున్నాడు. రెండు లక్షలు, ఆపైన అయితేనే నగదు పుచ్చుకోకూడదని ఆదాయపన్ను చట్టం గీత గీసింది. ఈ సైటుకి మాత్రం 1,850 రూపాయలు చేతులు మారితే దేశభద్రతకి ముప్పు. డబ్బు ముందు వాళ్ల వాలెట్‌లోకి పోవాలి, అక్కడ ఏడు రోజులు తపస్సు చేయాలి, నేను ‘వస్తువు అందింది, తృప్తిగా ఉంది’ అని బటన్ నొక్కాలి, అప్పుడు ఎనిమిది శాతం దక్షిణ ముట్టజెప్పుకుని కంచరపాలెం చేరాలి.

బాగుంది. ఇంత మంచి పద్ధతి వాచీలకే ఎందుకు పరిమితం కావాలి? మన ఊళ్లో అసలైన వేలంపాట రోజూ తెల్లారేసరికి ఫిషింగ్ హార్బర్‌లో జరుగుతోంది కదా, పాపం అక్కడ భద్రత అనేదే లేదు. బోటు రాగానే సరుకు నేల మీద పోస్తారు. పాటగాడు వెయ్యి, వెయ్యిన్నూరు, పన్నెండొందలు అని గబగబా అరుస్తాడు, ఒకావిడ తల ఊపుతుంది, పాట అయిపోతుంది. బొడ్లోంచి సంచీ తీసి నోట్లు లెక్కపెట్టి ఇస్తుంది. చాలకపోతే ‘సాయంత్రం ఇత్తాను’ అని గంప నెత్తికెత్తుకుని నడుచుకుంటూ వెళ్లిపోతుంది. వాలెట్ లేదు, ఓటీపీ లేదు, తృప్తి బటన్ లేదు. ఎంత ఘోరం!

అందుకని మన సైటు వాళ్లు హార్బర్‌ని ఉద్ధరించడానికి వచ్చారనుకుందాం. నీలం టీషర్టు కుర్రాడొకడు ట్యాబ్ పట్టుకుని, బురదలో బూట్లు తడవకుండా ఒక ఐసు పెట్టె ఎక్కి నిలబడ్డాడు. ఆరు కిలోల వంజరం ఒకటి పాటకొచ్చింది. ఆగండి, ఫోటో కావాలి. తల, తోక ఒకే ఫ్రేములో రాలేదు, రిజెక్ట్. మళ్లీ తీశారు. వెనక తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ ఉండాలట, రిజెక్ట్. ఎవరిదో లుంగీ కింద పరిచి తీశారు. ‘కొత్తదా, వాడినదా?’ అని ట్యాబ్ అడిగింది. బోటు యజమాని తల గోక్కున్నాడు. సముద్రం వాడింది కదా అని ‘వాడినది’ నొక్కాడు, రేటు సగానికి పడింది. పాట గెలిచినావిడని ఆధార్ అడిగారు, సెల్ఫీ అడిగారు, కళ్లు ఆర్పమన్నారు, తల కుడి వైపు తిప్పమన్నారు, ఎడమ వైపు తిప్పమన్నారు. ‘ఏటి బాబూ, సేప కొంటన్నానా, పెళ్లిసూపులకొచ్చానా?’ అందావిడ. ఆ మాటలు అసభ్య భాష కింద నమోదయ్యాయి. మొదటి హెచ్చరిక.

సరే, డబ్బు వాలెట్‌లో పడింది. ఏడు రోజులు హోల్డ్. బోటు యజమానికి ఇవాళ డీజిల్ కొట్టించాలి, ఐసు కొనాలి, కళాసీలకి వాటాలు పంచాలి. ఏడో రోజున వస్తాయి సార్, మీ భద్రత కోసమే అన్నాడు టీషర్టు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధంలో కూర్చుని ఉన్న ఏడాదికి అదనంగా ఇదొకటి. చేపకి కూడా వెరిఫికేషన్ పూర్తి కాలేదు, అదీ అక్కడే ఉంది. మూడో రోజుకి వాసన జాలరిపేట దాటింది. నాలుగో రోజున పిల్లి ఒకటి థర్డ్ పార్టీగా రంగంలోకి దిగింది. ఐదో రోజున కొన్నావిడ వివాదం తెరిచింది. వస్తువు వివరణలో ఉన్నట్టు లేదు, తోక వైపు అర కిలో తక్కువుంది. మూడు వైపుల నుంచి ఫోటోలు అప్‌లోడ్ చేయమన్నారు. ఏడో రోజున చేప మీద ఈగలు ఉచితంగా, ఎనిమిది శాతం కోసుకుని డబ్బు విడుదలై, ‘మీ అనుభవానికి ఎన్ని నక్షత్రాలు?’ అని మెసేజ్ వచ్చింది. దానికి హార్బర్ వాళ్లు ఏం సమాధానం చెప్పారో ఇక్కడ రాస్తే నాకు రెండో హెచ్చరిక వస్తుంది.

నవ్వుతాలుగా చెబుతున్నాను గానీ ఈ జబ్బుకి పెద్ద వంశచరిత్రే ఉంది. ఆన్‌లైన్ వేలంపాటల సైటు ఈబే 1995లో పుట్టినప్పుడు అక్కడ మొదట అమ్ముడైంది పాడైపోయిన లేజర్ పాయింటర్, 14 డాలర్ల 83 సెంట్లకి. ఆ రోజుల్లో సైటు ఫీజుల కింద కవర్లలో చెక్కులొచ్చేవి, చిల్లర నాణేలు కూడా వచ్చేవి. అలా చిల్లర ఏరుకుని పెద్దయిన సంస్థ 2002లో ఆన్‌లైన్‌లో డబ్బు చేరవేసే పేపాల్‌ని 150 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. ఇక అల్లుడు ఇంట్లోకొచ్చాక పక్కింటివాళ్లు కనబడతారా? 2006లో దానికి పోటీగా గూగుల్ చెకౌట్ వస్తే అది మా గుమ్మం తొక్కడానికి వీల్లేదన్నారు. 2008 అక్టోబరులో అమెరికాలో చెక్కులు, మనియార్డర్లు చాలా సరుకులకి బంద్ చేశారు. ఏ కవర్లు తిని పెరిగారో ఆ కవర్లే. అదే ఏడాది ఆస్ట్రేలియాలో ఇక అంతా పేపాలే అని ప్రకటిస్తే, అక్కడి పోటీ కమిషన్ ఇది పోటీకి దెబ్బ అని అభ్యంతరం చెప్పింది, వీళ్లు వెనక్కి తగ్గారు. ఇంకో సంగతి, ఆ ప్రణాళికలో కూడా కొనేవాడు స్వయంగా వచ్చి సరుకు తీసుకెళ్తే చేతిలో డబ్బు పెట్టొచ్చని ఉంది. అంటే 2008లో ఆస్ట్రేలియాలో అంత కట్టుదిట్టం చేయబోయినవాళ్లు కూడా ఒప్పుకున్న వెసులుబాటు, ఈవేళ మద్దిలపాలేనికి, కంచరపాలేనికి మధ్య లేదు. 2015లో ఈబే, పేపాల్ విడిపోయాయి. విడాకులయ్యాక మనకి స్వేచ్ఛ వచ్చిందనుకునేరు, 2018 నుంచి చెల్లింపులన్నీ ఈబేయే తన చేతుల మీదుగా నడపడం మొదలుపెట్టింది. మన దేశంలో అయితే 2004లో బాజీ డాట్ కామ్ అనే వేలంపాటల సైటుని కొని, పైసాపే అనే సొంత చెల్లింపు పద్ధతి నడిపారు, 2018 ఆగస్టులో ఆ దుకాణమే మూతపడింది.

మోసాలు లేవా అంటారు. ఉన్నాయి. ‘డబ్బు పంపుతున్నాను, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అనే మిలటరీ ఆఫీసరు వేషగాళ్లు రోజుకొకడు తగులుతున్నాడు. సరుకు ముంబైలోనో గువాహటిలోనో ఉంటే డబ్బు మధ్యవర్తి దగ్గర ఉండటం మంచిదే, నేనే అడిగి మరీ అక్కడ పెడతాను. కానీ మనిషి ఎదురుగా, వస్తువు చేతిలో ఉన్నప్పుడు ఎవరి నుంచి ఎవరికి రక్షణ? మేమిద్దరం మాట్లాడుకుంటే వాళ్ల కమీషన్ ఎగ్గొడతామని భయం. అదీ సంగతి. ఆ మాట నోరు తెరిచి చెబితే నాకు కోపం ఉండదు. పాట పెట్టినవాడికి కూలి ఇవ్వాలి, గుళ్లో కొబ్బరిచిప్పల పాటకైనా అంతే. ఎనిమిది శాతం అడుగు, ఇస్తాను. ‘మీ భద్రత కోసం’ అనకు.

ఎందుకనకూడదో మా పక్కింటి మాస్టారిని అడిగితే తెలుస్తుంది. డాబా గార్డెన్స్‌లో ఇరవై ఆరేళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. కంప్యూటర్లొచ్చి మిషన్లన్నీ తుక్కు కింద పోయాక ఒక రెమింగ్టన్ మాత్రం ఉంచుకున్నారు. ఇల్లు చాలక మొన్న అదీ అమ్ముదామంటే, ఆయన్ని ఈ సైటులోకి దింపింది నేనే. 6,200 పలికింది. ఆయన దాన్ని పాత దుప్పట్లో చుట్టి, రిబ్బన్ కొత్తది వేసి, మీటలు ఒక్కొక్కటీ నొక్కి చూసుకుని కొరియర్‌కి ఇచ్చారు. కొన్నాయన అందిందన్నాడు, తృప్తి బటన్ నొక్కాడు. డబ్బు రాలేదు. ఎందుకంటే, బ్యాంకు పుస్తకంలో ఆయన ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తిగా ఉంది. తెలుగువాళ్లకి ఇంటిపేరు ముందు ఉంటుందని, అది ఒకచోట అక్షరం, ఒకచోట మాట అవుతుందని ఆ సైటుకి తెలీదు. ‘మీ పేరు తప్పుగా నమోదైంది’ అని మెసేజ్. వేల మందికి తప్పు లేకుండా టైపు కొట్టడం నేర్పిన మనిషికి, సొంత పేరు తప్పని!

నలభై మూడు రోజులైంది. పదకొండుసార్లు ఆధార్ అప్‌లోడ్ చేశాం. ప్రతిసారీ పేరు లేని ఎవరో ‘మీ సహనానికి ధన్యవాదాలు’ అంటారు. ఒక్క మనిషి ఫోన్ ఎత్తడు. ఒరే, సరుకు పోయింది. కొన్నవాడు డబ్బు కట్టాడు. ఇక ఆ 6,200 ఎవరివి? మీవా? మీ తాత సంపాదించి పెట్టాడా? డెబ్బై నాలుగేళ్ల మనిషి పొద్దున్నే కళ్లజోడు తుడుచుకుని ఫోన్ పట్టుకుని మా గుమ్మంలో నిలబడి, ‘బాబూ, ఒకసారి చూస్తావా, ఇవాళేమైనా వచ్చిందేమో’ అని అడుగుతుంటే నేనేం చెప్పాలి? భద్రంగా ఉన్నాయి మాస్టారూ అని చెప్పనా? దొంగ అయితే కనీసం ఒక్కసారి దోచుకుని పోతాడు, రోజూ ధన్యవాదాలు చెప్పడు.

వాచీ సంగతి చెప్పలేదు కదూ. కంచరపాలెం మెట్టు దగ్గర టీ కొట్టులో కలిశాం. ఎదురెదురుగా నిలబడి నేను వాలెట్‌లో డబ్బు వేశాను, అతని ఫోన్లో ‘ఏడు రోజుల్లో’ అని వచ్చింది. ఇద్దరం ఆ వాచీ వైపు చూశాం. ఇవ్వాలా, ఉంచుకోవాలా అని అతనికి, అడగాలా వద్దా అని నాకు. ‘తీసుకోండి గురూగారూ, ఎక్కడికి పోతారు’ అని చేతిలో పెట్టేశాడు. టీ డబ్బులు నేనిచ్చాను, రెండు టీలకి రెండు సెకన్లు పట్టింది. తొమ్మిదో రోజున ఫోన్ చేసి 1,702 పడ్డాయన్నాడు.

మాస్టారు నిన్న సైటు వాళ్లకి ఉత్తరం రాస్తానన్నారు. మిషన్ లేదు కాబట్టి చేత్తోనే రాశారు. తేదీ, విషయం, మార్జిన్, అన్నీ టైపు కొట్టినట్టే ఉన్నాయి. చిరునామా రాద్దామని సైటంతా కింద దాకా వెతికాం, చాట్ బటన్ ఒక్కటే దొరికింది. ‘టు’ అని రాసి కింద నాలుగు లైన్లు ఖాళీ వదిలి, ఉత్తరం మడిచి టీవీ పక్కన పెట్టారు.