రాబ్ తప్పు శిక్షలో లేదు

‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ టీవీ సిరీస్ మూడో సీజన్‌లో తన సామంతుడు కార్‌స్టార్క్ తల తీయడమే ఉత్తరాది రాజు రాబ్ పతనానికి కారణమని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. ఖైదులో ఉన్న ఇద్దరు శత్రువంశపు (లానిస్టర్) కుర్రాళ్లను చంపినవాణ్ణి రాజు ఎలా వదిలేస్తాడు? అతన్ని బందీగా ఉంచుకో, అతని సైన్యం చేజారదు అని రాబ్‌కు తల్లి కేట్లిన్, భార్య చెప్పిన సలహా తెలివైనదే, కానీ అది దయ కాదు, లెక్క.

అసలు పొరపాటు అంతకు ముందే జరిగింది. కార్‌స్టార్క్ కొడుకును చంపిన లానిస్టర్ ఖైదీ జైమీని కేట్లిన్ రాత్రికి రాత్రి వదిలేసింది. ఆమెకు పడిన శిక్ష కాపలాలో ఉండటం, అంతే! కన్నతల్లికి ఒక న్యాయం, కొడుకును పోగొట్టుకున్న తండ్రికి ఇంకో న్యాయమా? ఆ ముసలాయన కడుపుమంట అక్కడే మొదలైంది. (తల్లిని చంపమని నేననడం లేదు.)

వానలో రాబ్ తనే కత్తి ఎత్తి ఒక్క వేటు వేసి, దాన్ని కింద పడేసి వెళ్లిపోయే సీన్ చూడండి. గెలిచినవాడి నడకలా ఉండదది. ఎన్నిసార్లు చూసినా నాకు గుండె బరువెక్కుతుంది.