మార్చిలో ఫోన్ చేస్తే ఆడిటరు గారు మాత్రం ఏం చేస్తారు?

పన్నే కట్టక్కర్లేని మనిషికి పన్ను ఆదా పాలసీ అంటగట్టడం మన కోనసీమలో ఇంకా నడుస్తూనే ఉంది. అమలాపురం వెళ్లండి, రాజోలు వెళ్లండి, ఏరు దాటి పాలకొల్లు వెళ్లండి, అదే తంతు. ఫిబ్రవరి దాటిందంటే ఆడిటరు ఆఫీసు నుంచి ఫోన్. "ఓ లక్షన్నర ఎందులోనో ఒకదాంట్లో పెట్టేయండి, టాక్స్ తగ్గుద్ది." మన వ్యాపారి పెట్టేస్తాడు. నాకసలు ఎంత పన్ను పడుతోంది, ఆదాయపు పన్ను లెక్కకున్న రెండు పద్ధతుల్లో నేను కొత్తదాంట్లో ఉన్నానా పాతదాంట్లో ఉన్నానా అని ఒక్క మాట అడగడు.

2023-24 నుంచి మనం ఏమీ చెప్పకపోతే కొత్త పద్ధతే వర్తిస్తుంది, అందులో 80సీ (పాలసీలూ పొదుపులూ చూపి పన్ను తగ్గించుకునే సెక్షన్) అన్నదే లేదు. 2025-26 నుంచైతే ఏడాదికి 12 లక్షల దాకా మామూలు ఆదాయం మీద రిబేటు పోను కట్టేది సున్నా. మరి ఆ పాలసీ ఎవరి కోసమండీ? సలహా చెప్పే మనిషే పాలసీ ఏజెంటు కూడా అయితే, ఆ సలహా ఏమిటో ముందే ఊహించొచ్చు. (ఇన్సూరెన్సు వద్దని కాదు. ఇంట్లో సంపాదించేది ఒక్కరే అయితే టర్మ్ పాలసీ శుభ్రంగా తీసుకోండి, ఇంటివాళ్ల కోసం తీసుకోండి.) పాత పద్ధతి నిజంగా లాభమయ్యేవాళ్లూ ఉంటారు, ఇంటి లోను వడ్డీ గట్టిగా కట్టేవాళ్లలాంటి వాళ్లు. కానీ వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లు ఉద్యోగుల్లాగా ఏటా అటూ ఇటూ గెంతడానికి లేదు. పాత పద్ధతికి వెళ్లి ఒకసారి వెనక్కొచ్చాక, వ్యాపారం ఉన్నన్నాళ్లూ మళ్లీ అటు వెళ్లలేరు. ఈ సంగతి ఎంతమంది చెప్పి సంతకం పెట్టించుకుంటున్నారు?

ఇక 44ఏడీ, అంటే చిన్న వ్యాపారులు అంచనా లాభం మీద పన్ను కట్టే సెక్షన్. (కొత్త చట్టం వచ్చింది, 2026 ఏప్రిల్ నుంచి సెక్షన్ల నంబర్లు మారాయి, కానీ అందరి నోట్లోనూ పాతవే ఉన్నాయి కాబట్టి నేనూ అవే వాడుతున్నా.) అమ్మకాలు 2 కోట్లలోపు ఉంటే, నగదు వసూళ్లు నూటికి 5 మించకపోతే 3 కోట్ల దాకా, లెక్కల పుస్తకాలు రాసే బాధ లేకుండా ఇంత శాతం లాభం అని చూపించుకోవచ్చు. నగదుగా వచ్చిన దాని మీద 8 శాతం, బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో వచ్చిన దాని మీద 6 శాతం. రెండు శాతమేగా అనిపిస్తుంది. 2 కోట్ల అమ్మకం ఉన్న షాపు తీసుకోండి. మొత్తం బ్యాంకులోకే వస్తే లాభం 12 లక్షలు, కొత్త పద్ధతిలో పన్ను సున్నా. మొత్తం నగదైతే లాభం 16 లక్షలు, సెస్సుతో కలిపి పన్ను 1,24,800. అదే సరుకు, అదే గిరాకీ. అసలు లాభం అంతకంటే ఎక్కువ ఉంటే ఎక్కువే చూపించాలి, అది వేరే మాట.

ఇంత తేడా ఉంటే మనవాళ్లు చేసేదేంటి? కౌంటరు మీద క్యూఆర్ కోడ్ కొడుకు సేవింగ్స్ ఖాతాది పెడతారు, టర్నోవరు కనపడకూడదని! కర్ణాటకలో 2025 జూలైలో యూపీఐ వసూళ్లు చూసే చిన్న చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు వెళ్లాయి, అది పేపర్లో చదివి కూడా ఇదే పని. డబ్బు జాడ దాగదు సరికదా, కొడుక్కి లేనిపోని తలనొప్పి.

ఇంకో మాట, కమీషన్ ఏజెంట్లకు 44ఏడీ లేదు. అంబాజీపేట కొబ్బరి కానివ్వండి, రావులపాలెం అరటి కానివ్వండి, మీరు సరుకు కొని అమ్ముతున్నారా, రైతు సరుకు అమ్మిపెట్టి కమీషన్ తీసుకుంటున్నారా అన్నది ముందు తేల్చుకోవాలి.

పుస్తకాలు రాసేవాళ్ల దగ్గర డబ్బు పోయేది ఇంకోచోట. ఒక మనిషికి ఒకరోజు 10,000 దాటి నగదు ఇస్తే ఆ ఖర్చు లెక్కలోకి రాదు. అయితే పంట, చేపలు, రొయ్యలు పండించినవాడి దగ్గరే నేరుగా కొంటే ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. కొబ్బరి దింపు తీయించి రైతుకి నగదు ఇచ్చారా, సరే. అదే కాయ మధ్యలో ఇంకో వ్యాపారి దగ్గర కొని నగదిచ్చారా, పోయింది. రైతు పేరు, ఊరు, సంతకం ఉన్న చీటీ ఆరోజే రాసుకుని ఉండాలి. మార్చి 28న కూర్చుని ఏడాది చీటీలన్నీ ఒకే పెన్నుతో, ఒకే దస్తూరితో రాయించేవాళ్లని ఏమనాలి? కాలువలు కట్టేశాక ఊడ్పులకి దిగినట్టు ఉంటుంది.

యంత్రాల సంగతీ అంతే. పీచు మిల్లుకి 10 లక్షల యంత్రం కొని వినాయక చవితి నాటికి నడిపించారనుకోండి, 15 శాతం చొప్పున లక్షన్నర తరుగుదల (యంత్రం అరుగుదల కింద రాసుకునే ఖర్చు) వస్తుంది. మార్చిలో బిగిస్తే ఆ ఏడాదికి సగమే, 75,000. ఎందుకంటే వాడకం 180 రోజుల కంటే తక్కువ. మిగతాది మునిగిపోదు, తర్వాతి ఏళ్లలో వస్తుంది, కానీ పన్ను తగ్గాల్సింది ఈ ఏడాది కదా మీకు. ఇక బిల్లు మార్చి 30ది, యంత్రమేమో అట్టపెట్టెలోనే ఉంటే, వాడకంలో పెట్టని దానికి ఏమీ రాదు. అమ్మినవాడికి చేతిలో పెట్టిన నగదు రోజుకి పదివేలు దాటితే ఆ డబ్బు ఖరీదులోనే కలపరు.

చిన్న పరిశ్రమల బకాయిల నిబంధన కూడా 2023-24 లెక్కల నుంచి వచ్చింది. ఉద్యమ్‌లో (చిన్న పరిశ్రమల ప్రభుత్వ రిజిస్ట్రేషన్) నమోదైన సూక్ష్మ, చిన్న తయారీదారుకి ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బివ్వాలి. గడువు దాటించి మార్చి 31కి కూడా బాకీ ఉంచితే ఆ ఖర్చు లెక్కలోకి వచ్చేది డబ్బు ఇచ్చిన ఏడాదిలోనే. సంచులు కుట్టేవాడి డబ్బు ఆరునెలలు తిప్పే అలవాటున్న పెద్దమనుషులకి ఇది తగలాల్సిన దెబ్బే, నాకేం జాలి లేదు.

కడియం నర్సరీల వాళ్లది మరో కథ. తామే పెంచిన మొక్కల మీద ఆదాయం వ్యవసాయ ఆదాయం కిందికే వస్తుందని చట్టంలోనే ఉంది. బయటి నుంచి లారీలో తెప్పించి అమ్మిన మొక్కలది మాత్రం వ్యాపారం. రెండూ ఒకే పద్దులో కలిపేస్తే, రేపు అడిగినప్పుడు ఏది పెంచిందో ఏది కొన్నదో ఎవరు చెప్తారు?

ఇవన్నీ ఆడిటరు గారికి తెలియవా అంటే తెలుసు. మనం ఏడాదికి నాలుగు వేలు ఇచ్చి, దాంట్లోనూ బేరమాడి, కవర్లో బిల్లులు కుక్కి తెచ్చి "ఏదోటి చూడండాయ్" అంటాం. ఆయన 8 శాతం వేసి రిటర్న్ పంపేస్తాడు. ఆ డబ్బుకి ఆ పనే వస్తుంది. ఇవన్నీ ముందే చూసుకోడానికి సెప్టెంబరులో గంటసేపు కూర్చుంటే వేరే ఫీజు అడిగే ధైర్యం వాళ్లకి లేదు, అడిగితే ఇచ్చే మనసు మనకి లేదు. ఇంకొందరున్నారు, పన్ను తగ్గుద్దని ఏదో రాజకీయ పార్టీకి మీరు విరాళమిచ్చినట్టు రసీదు తెచ్చి కమీషన్ కొట్టేసేవాళ్లు. అది బయటపడితే తప్పించిన పన్నుకి రెట్టింపు పెనాల్టీ, కట్టేది మీరే, ఆ రసీదు ఇచ్చినవాడు ఫోన్ కూడా ఎత్తడు.

అన్నిటికంటే నాకు ఒళ్లు మండేది బ్యాంకు లోను దగ్గర. మూడేళ్లూ ఆదాయం తగ్గించి చూపించమని మనవాళ్లు ఆడిటరు వెంటపడతారు. నాలుగో ఏడు షెడ్డు వేయాలి, ముప్పై లక్షల లోను కావాలి, అప్పుడు "కొంచెం పెంచి చూపించండి సార్". బ్యాంకు అడిగేది వెనకటి రిటర్నులు. వాటిలో ఉన్న అంకెకి వచ్చేంతే ఇస్తామంటుంది. చివరికి తిట్లు పడేది ఆ మేనేజరుకి.