మెడలో వేలాడే అట్టముక్క గారికి

మహారాజశ్రీ అట్టముక్క గారికి,

ఇంగ్లీషు క్లాసులో తెలుగు మాట్లాడిన పిల్లల మెడలో తమరు వేలాడుతుంటే, ఏదో మన ఊరి సరుకే అనుకున్నాం. 2009లో కడప జిల్లా మైదుకూరులో, తెలుగులో మాట్లాడనని ఇంగ్లీషులో రాయించుకుని తమరు పేపర్లకెక్కినప్పుడూ అంతే. తీరా చూస్తే తమరిది పెద్ద వంశం.

19వ శతాబ్దంలో బ్రిటన్‌లోని వేల్స్ బడుల్లో మీ ముత్తాతగారు చెక్కముక్క. ఒంటిమీద 'డబ్ల్యూ ఎన్' అని పచ్చబొట్టు, అంటే 'వెల్ష్ నాట్', వెల్ష్ వద్దని. అక్కడి సొంత భాష వెల్ష్‌లో మాట నోరు జారినవాడి మెడలో పడేవారు. వాడు ఇంకొకణ్ణి పట్టిస్తే అక్కడికి బదిలీ. సాయంత్రం ఎవరి మెడలో ఉంటే వాడికి బెత్తం. ఫ్రాన్సులో బ్రెటన్ భాష మాట్లాడే పిల్లల మెడకి చెక్కచెప్పు వేషంలో వెళ్లినవారూ మీవాళ్లే. జపాన్‌లోని ఒకినావాలో అయితే 'హోగెన్ ఫుదా', అంటే మాండలికం బిళ్ల, అని పేరు కూడా పెట్టారు.

ఎంత పొదుపు! పాఠం చెప్పక్కర్లేదు, పిల్లలే పోలీసులు. 1847లో వేల్స్ చదువులపై విచారణ చేసిన కమిషనర్లు వెల్ష్ భాషని చిన్నచూపు చూసినవాళ్లే. వాళ్లకే మీ ముత్తాతగారు నచ్చలేదు. పిల్లలు తోటివాళ్ల ఇళ్ల దగ్గర నక్కి, ఎవరు అమ్మానాన్నలతో వెల్ష్ మాట్లాడుతున్నారో వింటున్నారని రిపోర్టులో రాశారు.

తమరివల్ల ఇంగ్లీషు రాలేదని ఎవరన్నారు? 'మే ఐ గో టు టాయిలెట్ సార్' దాకా వచ్చింది. ఆపైన డౌటు అడగాలంటే తెలుగు కావాలి. తెలుగంటే తమరు. అందుకని డౌట్లే మానేశారు.

అన్నట్టు, వెనక బెంచీలో తండా నుంచి వచ్చే పిల్ల ఉంది. ఇంట్లో లంబాడీ. తమరి మీద 'తెలుగు' అనే ఉంది కాబట్టి ఆ పిల్ల జోలికి రాలేరు. (ఆ నోరు ఒకటో తరగతి తెలుగు పీరియడ్‌లోనే మూతపడింది. దానికి అట్టముక్క కూడా అక్కర్లేకపోయింది.)

పిల్లల ఇంటి భాషలు క్లాసుకి వనరు అని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక అంది. దాన్ని నమ్మి కొందరు టీచర్లు చెడిపోతున్నారు. 'నాకు ఆకలేస్తోంది' అని తెలుగులో, లంబాడీలో, ఉర్దూలో చెప్పించి, ఇంగ్లీషులో 'నాకు' పోయి 'నేను' ఎందుకొచ్చిందో పిల్లల్నే తేల్చమంటున్నారు. క్లాసంతా గోల. ఇలాగే సాగితే పిల్లలకి నిజంగా ఇంగ్లీషు వచ్చేసి తమరి ఉద్యోగం ఊడుతుంది.

అంతలోపు ఒక్కరోజు స్టాఫ్‌రూముకి దయచేయండి. పాత వేల్స్ రూలే పెడదాం. టిఫిన్ బాక్సులు విప్పి గోంగూర పచ్చడి సంగతి మొదలైందంటే, లాంగ్ బెల్లు కొట్టేసరికి తమరు హెడ్మాస్టరు గారి మెడలో ఉంటారు.

ఇట్లు,
తెలుగు పండిట్