ఓబోకి మార్కులు వేయు విధానం

విండ్ బ్యాండ్ (ఊదే వాద్యాల బృందం) పోటీలకు జడ్జీగా కూర్చోవడం ఎంతో బాధ్యతగల పని. అందులోనూ ఓబో అనే ఊదే వాద్యానికి మార్కులు వేయడం మరీను. క్లారినెట్లు డజను దాకా ఉంటాయి, ఒకరు తప్పితే పక్కవాళ్లు కప్పేస్తారు. ఓబో ఒకటి, మహా అయితే రెండు. మనిషి కనబడుతున్నాడు కాబట్టి వాద్యం కూడా వినబడుతోందని నమ్మి మార్కులు వేయాలి.

అందుకే చెవులకు శ్రమ ఇవ్వకుండా తీర్పు చెప్పే పద్ధతి ఒకటి అలవరచుకున్నాను. కొత్తగా ఈ కుర్చీలోకి వచ్చేవారి మేలు కోరి ఇక్కడ వివరిస్తున్నాను.

ముందు పదజాలం. టోన్, అంటే నాదం తీరు గురించి రాయడానికి రెండు మాటలు చాలు: డార్క్, బ్రైట్. నచ్చితే డార్క్, నచ్చకపోతే బ్రైట్. నాదానికి చీకటేమిటి, వెలుగేమిటి అని ఎవరూ అడగరు. అడిగితే తమకు చెవి లేదని బయటపడుతుందని భయం. అస్సలు నచ్చకపోతే 'ముక్కుతో పలుకుతోంది' అని రాయండి. నోట్లో పెట్టి ఊదే రెండు బద్దల రీడ్ ఉన్న వాద్యం, సన్నాయికి దూరపు చుట్టం, ఆ పలుకు దానికి పుట్టుకతో వచ్చిందే. కాకి నల్లగా ఉందని మార్కులు కోసినట్టు కాదా అనే సందేహం మీకు వచ్చిందంటే ఈ ఉద్యోగం మీకు సరిపడదు. బాతు పోలిక మాత్రం వద్దు. రష్యా స్వరకర్త ప్రొకోఫియెవ్ 1936లోనే పిల్లల సంగీత కథలో బాతు వేషం ఓబోకి ఇచ్చేశాడు. మనం కొత్తగా తిట్టడానికి ఏమీ మిగల్చలేదు.

తర్వాత రీడ్. ఓబో వాళ్లకి వాయించడం వ్యాపకం, అసలు వృత్తి రీడ్లు చెక్కుకోవడం. రెల్లులాంటి ఒక మొక్క కాండాన్ని చీల్చి, మడిచి, చిన్న లోహపు గొట్టానికి దారంతో కట్టి, కత్తితో గీకుతూ కూర్చుంటారు. ఇంత చేసినా అది బాగా పలికేది నాలుగు రోజులే. గీకడంలోనూ మతాలున్నాయి. యూరప్ వాళ్లు చాలామంది కొసన కాస్త గీకి ఆపేస్తారు. అమెరికా వాళ్లు చాలా కిందిదాకా గీకుతారు. 1915 నుంచి 1954 దాకా ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాలో వాయించిన మార్సెల్ టాబుటో అనే ఫ్రెంచి ఆయన వేసిన బాట అది. కాబట్టి వాయించేవాడు ఏ మతంవాడో ముందే కనుక్కోండి. మన మతం కాకపోతే టోన్ బాగోలేదన్నమాట.

అపస్వరం పలకగానే వాయించేవాడు రీడ్ బయటికి తీసి కోపంగా చూస్తాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. ఆ పెద్దలు ఓబో రీడ్ చూసి ఉండరు. ఇక్కడ మద్దెల నిజంగానే ఓడు! అయినా అర మార్కు తగ్గించండి.

ముఖం కూడా గమనించాలి. మిగతా వాళ్లకి ఊపిరి చాలదు, ఓబో వాళ్లకి మిగిలిపోతుంది. రీడ్ సందు అంత ఇరుకు. లోపల పాతబడ్డ గాలిని వదిలాకే కొత్త గాలి పీల్చాలి. ఈ అవస్థలో ముఖం కందగడ్డ అవుతుంది. అప్పుడు 'భావావేశం' అన్న గడిలో టిక్కు పెట్టండి.

శ్రుతి సంగతి చెప్పాలంటే, ఆర్కెస్ట్రాలో ఓబోదే పెద్దరికం. అది 'ఎ' స్వరం పలికితే అందరూ దాన్నిబట్టి సరిచేసుకుంటారు. బ్యాండులో చాలాచోట్ల ట్యూబా అనే పెద్ద ఇత్తడి బాకా 'బి ఫ్లాట్' స్వరం ఇస్తుంది. పదవి పోయిన పెద్దమనిషి మాట ఎంత చెల్లుతుందో ఓబో శ్రుతీ అంతే.

ఇక శబ్దం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. వినబడితే 'బ్యాండుతో కలవడం లేదు' అని రాయాలి, వినబడకపోతే 'చక్కగా కలిసిపోయింది' అని. అడుగు స్వరాలను మెల్లగా పలికించడం ఓబో మీద ఎంత కష్టమో వాయించేవాళ్లకి తెలుసు. మనకు తెలిసినట్టు కనబడనక్కర్లేదు.

ఈ పద్ధతి నన్ను ఒక్కసారే ఇరుకున పెట్టింది. చాలా బ్యాండ్లకు ఓబో దొరకదు గనుక, ఓబో ఒంటరిగా వాయించాల్సిన సోలోని క్లారినెట్ వాళ్ల స్వరాల కాగితంలోనో ట్రంపెట్ వాళ్ల కాగితంలోనో చిన్న అచ్చులో కూడా వేసి ఉంచుతారు. అవసరం పడితే వాళ్లు వాయించేస్తారు. ఆ రోజు నెమ్మది ఘట్టంలో సోలో మొదలైంది. కళ్లు మూసుకున్నాను. 'డార్క్ టోన్, ఓబోకే సాధ్యమైన ఆర్తి' అని రాసి 20కి 18 వేశాను. శ్రుతి పిసరంత పైకి పోయినందుకు రెండు కోశాను.

కార్యక్రమం అయ్యాక కండక్టర్ వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సార్, మా ఓబో అమ్మాయి రీడ్ మొదట్లోనే చీలిపోయిందండీ. ఆ సోలో వాయించింది క్లారినెట్టండీ" అన్నాడు.

నేను తొణకలేదు. మార్కుల కాగితం వెనక్కి తెప్పించుకున్నాను. శ్రుతి తప్పింది క్లారినెట్ అయినప్పుడు ఆ పాపం ఓబోకి అంటగట్టడం అన్యాయం కదా. కోసిన రెండు మార్కులూ ఆ అమ్మాయికి తిరిగి కలిపి, 20కి 20 చేసి సంతకం పెట్టాను.